రోడ్డు మీద బతికేవాళ్ల మాట

ఊళ్లో రోడ్డు వెడల్పు చేస్తారన్న కబురు ముందు నోటి మాటగా వస్తుంది. తర్వాత టేపులు పట్టుకుని సర్వేవాళ్లు వస్తారు. గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడతాయి. అప్పటికిగాని చర్చ మొదలవదు. పత్రికల్లో 'స్థానికుల అభిప్రాయం' పేరుతో నాలుగు మాటలు అచ్చవుతాయి. వాటిని చదివినప్పుడల్లా మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ స్థానికులు ఎవరు?

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే జాతీయ రహదారి మీద, తొర్రూరుకూ మరిపెడకూ మధ్య ఉంది దంతాలపల్లి. ఒకప్పుడు నర్సింహులపేట మండలంలో ఒక గ్రామం. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. మండల కేంద్రం కావడమంటే బోర్డు మారడం మాత్రమే కాదు. పింఛను కోసం, సర్టిఫికెట్ కోసం, భూమి కాగితం కోసం చుట్టుపక్కల ఊళ్ల జనం అక్కడికి రావాలి. అంటే రోడ్డు దాటేవాళ్లు పెరుగుతారు. రోడ్డు మీద లారీలు, కార్లు కూడా పెరుగుతూనే ఉంటాయి. ఇలాంటి ప్రతి ఊళ్లోనూ ఏదో ఒకనాటికి చర్చకు వచ్చేవి నాలుగే: రోడ్డు వెడల్పు, నడుమ డివైడర్, కూడలి మార్పు, ఊరి బయట బైపాస్.

వీటి మీద మాట్లాడేదెవరు? మడిగెల యజమానులు మాట్లాడతారు. రోడ్డు పక్క జాగా ఉన్నవాళ్లు, వాహనాలున్నవాళ్లు, పార్టీల నాయకులు మాట్లాడతారు. వాళ్ల నష్టం చిన్నదని మనం అనడం లేదు. కష్టపడి కట్టుకున్న గోడ కూలిపోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ చర్చలో ఆస్తీ, వాహనమూ లేనివాళ్లకు గొంతు ఉండదు. మన పల్లెల్లో ఆ రెండూ ఎక్కువగా ఎవరి పేరు మీద ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇక రోడ్డును స్త్రీలు ఎలా వాడుతున్నారో చూద్దాం. పత్తి తీయడానికీ, మిరపకాయ ఏరడానికీ పొద్దున్నే ఆటోల్లో కిక్కిరిసి వెళ్లేది కూలి స్త్రీలు. బడి పిల్లలను చేయి పట్టుకుని రోడ్డు దాటించేది తల్లులూ, నాయనమ్మలూ. గంపలో కూరగాయలో, పళ్లో పెట్టుకుని బస్సు ఆగే చోట కూర్చునేది ఒంటరి స్త్రీలు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఎందరో స్త్రీలకు ఊరు దాటడం సులువైంది. అది మంచి మార్పు. కానీ టికెట్ లేకుండా బస్సెక్కే హక్కు ఇచ్చిన ప్రభుత్వం, ఆ బస్సు కోసం నిలబడడానికి నీడ, మూత్రశాల, రాత్రి పూట దీపం ఉండాలని రోడ్డు ప్లానులో రాయదు. ప్లాను గీసేవారికి రోడ్డంటే బండ్లు పోయే దారి మాత్రమే.

ఈ చూపు ఖరీదు ప్రాణాలతో చెల్లిస్తున్నాం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. మొత్తం మరణాల్లో మూడో వంతుకు పైగా జాతీయ రహదారుల మీదే జరిగాయి. వేగం పెంచడానికి ఊరి నడుమ డివైడర్ కట్టి, దాటే సందును దూరంగా వదిలేస్తే ఏమవుతుంది? నెత్తి మీద బరువున్న మనిషి అంత దూరం చుట్టూ తిరిగి రాదు, డివైడర్ ఎక్కి దాటుతుంది. ప్రమాదం జరిగితే నిర్లక్ష్యంగా దాటిందంటారు. 2019 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే కొద్దిమంది పురుషులు వెచ్చిస్తున్నది 97 నిమిషాలు. దాటే దారి దూరమైతే పెరిగే నడక కూడా స్త్రీల రోజులోంచే పోతుంది.

చట్టాలేమంటున్నాయి? 1956 జాతీయ రహదారుల చట్టం ప్రకారం భూసేకరణ ప్రకటన వెలువడ్డాక 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఆ భూమితో సంబంధం ఉన్నవాళ్లకే ఆ హక్కు. 2013 భూసేకరణ చట్టం ఇంతకంటే నయం. భూమి లేకపోయినా, సేకరించే ప్రాంతంలో మూడేళ్లుగా పనిచేసుకుంటూ దాని మీదే బతుకుతున్నవారిని అది బాధిత కుటుంబంగా గుర్తించింది. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా లెక్కించమంది. ఇది స్త్రీల ఉద్యమాలు గట్టిగా పట్టుకోవలసిన మాట. 2015లో ఆ చట్టంలోని పరిహార, పునరావాస నిబంధనలను కేంద్రం జాతీయ రహదారులకు కూడా వర్తింపజేసింది. కానీ ముందుగా ఊరిని అడగమనే సామాజిక ప్రభావ అంచనాను మాత్రం బయటే ఉంచింది. డబ్బు ఇస్తాం, మాట వినం అన్నట్టుంది ఇది.

పైగా ఉన్న ప్రభుత్వ స్థలంలోనే రోడ్డు వెడల్పు చేస్తే అసలు సేకరణే ఉండదు. సేకరణ లేకపోతే బాధితులూ ఉండరు! గంప పెట్టుకుని కూర్చున్న ఆమె 2002 రహదారుల నియంత్రణ చట్టం లెక్కలో ఆక్రమణదారు. వీధి వ్యాపారం కూడా ప్రాథమిక హక్కులో భాగమేనని, సహేతుకమైన ఆంక్షలకు లోబడి దాన్ని చేసుకోవచ్చని 1989లో సుప్రీంకోర్టు సోదాన్ సింగ్ కేసులో చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలనీ, వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలనీ అంది. అయితే ఆ చట్టం పట్టణ ప్రాంతాలకే. దంతాలపల్లి వంటి పంచాయతీలో అదే పని చేసుకునే స్త్రీకి ఆ రక్షణ లేదు. ఊరు పట్టణంలా పెరుగుతుంది, రోడ్డు పట్టణానికి సరిపడా వెడల్పవుతుంది, హక్కు మాత్రం మునిసిపాలిటీ పొలిమేర దగ్గరే ఆగిపోతుంది.

స్త్రీలందరిదీ ఒకే మాట అని మనం భ్రమపడకూడదు. బస్సుల వల్ల బేరం దొరికే చాయ్ కొట్టు ఆమె బైపాస్ వద్దంటుంది. పిల్లను రోడ్డు దాటించే తల్లి బైపాస్ కావాలంటుంది. బైపాస్ పోయే పొలంలో కూలికి పోయే ఆమెకు ఇంకో భయం ఉంటుంది. పరిహారం పట్టా ఉన్నవాళ్లకు వస్తుంది. పట్టా భర్త పేరు మీదో, మామ పేరు మీదో ఉన్న ఇంట్లో ఆ డబ్బు ఎటు పోతుందో కోడలికి తెలియదు. ఈ భేదాలను దాచిపెట్టి 'మహిళల డిమాండ్' అని ఒక కాగితం రాసిస్తే, మనమూ 'స్థానికుల అభిప్రాయం' రాసినవాళ్ల పనే చేసినట్టవుతుంది.

ఈ ప్రశ్న పాత రోడ్డుతో ఆగదు. నాగపూర్–విజయవాడ కారిడార్‌లో భాగంగా వరంగల్ నుంచి ఖమ్మం వరకు 108 కిలోమీటర్ల నాలుగు వరుసల కొత్త రహదారికి 2023 అక్టోబరు 1న శంకుస్థాపన జరిగింది. వరంగల్–ఖమ్మం దూరం 14 కిలోమీటర్లు తగ్గుతుందని ప్రభుత్వం చెప్పింది. ఇది ఎక్కడపడితే అక్కడ ఎక్కే, దిగే వీలు లేని రోడ్డు. ఇలాంటి రోడ్డు పొలాల మధ్యగా పోతే అవతలి చేనుకు వెళ్లాలన్నా, గొడ్లను తోలుకెళ్లాలన్నా కింద వదిలిన దారే గతి. ఆ దారి ఎక్కడ ఉండాలో చెప్పగలిగింది రోజూ ఆ చేలకు నడిచేవాళ్లే.

కాబట్టి సంఘాలు ఇప్పుడే మొదలుపెట్టవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మార్కింగ్ పడకముందే రోడ్డు పక్క బతికే ప్రతి స్త్రీ వివరాలు, ఎన్నేళ్లుగా అక్కడ ఉందో, మనమే రాసి పెట్టాలి. ఆ జాబితాను పంచాయతీలో, కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. కూలి మానుకోకుండా రాగలిగే వేళలో స్త్రీలతో విడిగా గ్రామసభ జరపమని అడగాలి. దాటే చోటు, బస్ షెల్టర్, మూత్రశాల, దీపాలు, అమ్ముకునే జాగా మాట ఇచ్చి వదిలేసేవి కాకుండా ప్లానులో గీసి ఉండాలని పట్టుబట్టాలి. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన మద్యం దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. చిన్న ఊళ్లకు 2017లో ఆ దూరాన్ని 220 మీటర్లుగా నిర్ణయించింది. కొత్త రోడ్డు వెంట కొత్త దుకాణం వస్తే ఆ కొలత మనమే వేయాలి.

పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవి. ఆ సగం మందికి రోడ్డు ప్లాను కాగితం ముందుగా చూపించాలని అడగడం పెద్ద కోరికేమీ కాదు. రోడ్డు వద్దని మనం అనడం లేదు. దాని మీద నడిచేవాళ్లను, దాని అంచున బతికేవాళ్లను కూడా ఊరివాళ్లుగా లెక్కపెట్టమని అంటున్నాం. గోడ మీద ఎర్ర గుర్తు పడ్డాక అడిగితే అది సానుభూతి మాత్రమే అవుతుంది. ముందే అడిగితే అది హక్కు.