పేరులేని మాయాలోకము

ఆకాశమున తోకచుక్క పొడిచినచో రాజ్యమునకు కీడు మూడునని మన పెద్దల నమ్మకము. 1954లో చందమామ పుటలలో పొడిచిన తోకచుక్కను చూచి మాత్రము తెలుగు బాలురు జడియలేదు. మరుసటి సంచిక ఎప్పుడు వచ్చునా యని వాకిట నిలిచి ఎదురు చూచిరి. సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు, కుండలినీ ద్వీపము అను పేరులను ఆ తరము ఉపాధ్యాయులు నేటికిని తడుముకొనక చెప్పుదురు. ఆ కథను అల్లినవారెవరని అడిగిచూడుడు. జవాబు చెప్పువారు అరుదుగా దొరకుదురు.

ఆయన దాసరి సుబ్రహ్మణ్యముగారు. 1932లో గుంటూరు జిల్లాలో జన్మించి, ఇరువది ఏండ్ల ప్రాయమున, అనగా 1952లో, మదరాసు చేరి చందమామ సంపాదకవర్గమున ప్రవేశించిరి. 2006 వరకు ఆ కొలువులోనే ఉండిరి. తోకచుక్క మొదలుకొని మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, శిథిలాలయము మున్నగునవి నడిచి, 1978 నాటి భల్లూకమాంత్రికుని వరకు పండ్రెండు ధారావాహికలు ఆయన కలమునుండి వెలువడినవి. ఒక్కదానిపైనను ఆయన పేరు లేదు. ఇంకొక వింత గలదు. ఆ కథలకు బొమ్మలు వేసిన చిత్రాగారి సంతకము బొమ్మ మూలను స్పష్టముగా కనబడుచుండెను. రాక్షసుని గీసినవాడెవరో పిల్లలకు తెలిసెను గాని, ఆ రాక్షసుని పుట్టించినవాడెవరో తెలియలేదు.

దీనికి పత్రికవారి పక్షమున చెప్పదగిన మాట కొంత లేకపోలేదు. 1947లో నాగిరెడ్డి, చక్రపాణిగారలు నెలకొల్పిన ఆ పత్రిక పలు భాషలలో వెలువడినది. కథ ఒకరి సొత్తుగా గాక, ఇంట అవ్వ చెప్పిన కథవలె వినబడవలెనని వారు తలచియుండవచ్చును. అవ్వకు సంతకమెందుకు? ఈ వాదమున అందము కలదు, న్యాయము లేదు. అవ్వ చెప్పిన కథ తరతరములుగా నలిగి వచ్చినది. ఒక మనుష్యుడు నెలనెలా గడువులోపల కూర్చుండి, ఈ నెల నాయకుని ఏ ఆపదలో విడువవలెను, వచ్చు నెల ఎట్లు గట్టెక్కింపవలెను అని తల బ్రద్దలుకొట్టుకొని వ్రాసినది వేరు. ఇరువదినాలుగేండ్లపాటు ఆ పని సాగించినవానికి పేరు దక్కకపోవుట చిన్న లోపమని మేము అనజాలము. పెద్దల నవలకు ఇట్టి గతి పట్టియుండినచో సాహిత్యలోకము ఊరకుండెడిదా? పిల్లల కథ గావుననే ఎవరును అడుగలేదు.

ఆయన ఊహలకు మూలములెక్కడివని విద్యార్థులు తరచుగా అడుగుచుందురు. శూన్యమునుండి ఏదియు పుట్టదు. ముగ్గురు మాంత్రికులు అను కథను తీసికొనుడు. పింగళుడను జాలరి కడకు ఒక మాంత్రికుడు వచ్చి, తన చేతులు కట్టి మడుగులోనికి త్రోయుమని కోరును. అరేబియా రాత్రుల కథలలో జూదరను జాలరి వృత్తాంతము చదివినవారికి ఈ మడుగు పరిచితమే. విత్తనము అరబ్బుల దేశమునుండి వచ్చినను మొక్క ఎదిగినది మన నేలమీదనే: పేరులు మనవి, అన్నదమ్ముల తగవులు మనవి, తల్లి ఆరాటము మన ఇంటిదే. పరదేశపు కథను మన కథగా మార్చుట అనువాదముకన్న కష్టతరము.

తెలుగువారికి అంతకుముందే ఈ రుచి మరిపియుండినవారు మధిర సుబ్బన్న దీక్షితులుగారు. మణిసిద్ధుడు ఒక గోపబాలకుని వెంటబెట్టుకొని కాశికి నడచుచు, మజిలీ మజిలీకి ఒక కథ చెప్పు కాశీమజిలీ కథలను మన తాతలు పండ్రెండు భాగములుగా చదివిరి. చందమామలోనే దాసరివారికి ముందు రాజారావుగారు విచిత్ర కవలలు వ్రాసి బాట వేసియుండిరి. బాట ఉన్నది, నడిచినవాడు దానిని రాజమార్గము చేసినాడు.

ఆ మార్గమునను ఆటంకము కలిగినది. మంత్రతంత్రముల కథలు ఇక చాలునని చక్రపాణిగారు తలచి, నడుమ కొంతకాలము బంకించంద్రుని దుర్గేశనందిని వంటి నవలను ధారావాహికగా వేయించిరి. అది గొప్ప నవలయే, కాదనము. 1966లో మాత్రము పాతాళదుర్గముతో మాయాలోకమే తిరిగివచ్చినది.

పుస్తకరూపమన్ననో, అది మిక్కిలి ఆలస్యముగా వచ్చినది. దాసరివారు 2010 జనవరి 27న కన్నుమూసిరి. బాల్యమున ఆ కథలు చదివి పెద్దవారైన అభిమానులు, రచన పత్రిక శాయిగారి వంటివారు పూనుకొనుటచేత, ఆ ధారావాహికలు ఆయన పేరుతో అచ్చుపుస్తకములైనవి. మొదట పాఠకులను సంపాదించి, పిదప ఎన్నో దశాబ్దములకు ఆ పాఠకులచేతనే పేరు సంపాదించిన రచయిత మరియొకడు తెలుగున మాకు తోచుట లేదు.

ఇది నంబులపూలకుంట ప్రాంతపు ఉపాధ్యాయులకు ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు. మీ మండలములోనే గూటిబైలున తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. 19,107 చదరపు మీటరులు, అనగా నాలుగున్నర ఎకరములకు పైబడి, ఒక్క చెట్టు కొమ్మలు కప్పియున్నవి. 1989లో గిన్నిస్ గ్రంథము దానిని లోకమునకెల్ల పెద్ద మర్రిగా పేర్కొన్నది. 1434లో భర్తతో చితి ఎక్కిన తిమ్మమ్మ చితిగుంజ చిగిర్చి ఈ చెట్టయినదని స్థలపురాణము. సహగమనమును పొగడుట మా అభిమతము కాదు. ఆ మాటను పిల్లలకు అడ్డులేక చెప్పవలసినదే. కాని ఎండుగుంజ చిగురించుట అను ఊహ ఎంత బలమైనది! ఆ ఊడల నడుమ దారి తప్పిన బాలుడు ఏ రాజ్యమున తేలునో ఊహింపుమని ఎనిమిదవ తరగతివానిని అడిగినచో, వాడు సమరసేనునికి తీసిపోని వీరుని తేగలడు. అదే మండలమున 2016 మొదలుకొని విద్యుత్తు నిచ్చుచున్న సౌరఫలకముల మైదానమును దూరమునుండి చూచినవానికి నీటిచుక్క లేని చోట చెరువు నిండినట్లు తోచును. దాసరివారి మాయాసరోవరము అను పేరు దానికి అతికినట్లు సరిపోవును. కరవుసీమలో పుట్టిన బిడ్డకు ఆ భ్రాంతి ఎట్టి కథ కాగలదో మదరాసులో కూర్చుండినవారికి తెలియదు.

మన బడులలో ఇట్టి వ్రాతలకు అంతగా ఆదరణ లేదు. వ్యాసమనగా ఆవును గూర్చియో, స్వాతంత్ర్యోత్సవమును గూర్చియో వ్రాయునది. బాలుడు రెక్కలగుర్రమును వ్రాసినచో పుక్కిటి పురాణమని మార్కులు కోయు పంతుళ్లను మేమెరుగుదుము. వారే విశ్రాంతి వేళ పాత చందమామలను వెదకి చదువుదురు!

నేడు అచ్చు మార్గము సులభమైనది. పత్రికాధిపతి దయ తలపకున్నను, కావలసినన్ని ప్రతులు మాత్రమే అచ్చు వేయించుకొను వీలు కలిగినది. స్వంతముగా పుస్తకము వేయు యువకులు పెరుగుచున్నారు. వారు దాసరివారినుండి నేర్వవలసినది మాంత్రికుల పేరులు కాదు, నెల తప్పని క్రమశిక్షణ. తన వ్రాతను తానే అచ్చు వేసికొనువానికి గడువు పెట్టువాడు లేడు, దిద్దువాడును లేడు. దాసరివారి ప్రక్క బల్లయొద్ద 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావుగారు ఉండిరి. అట్టి తోడు లేనివాడు కనీసము తన గురువునకైనను చూపి, కొట్టివేతలు పడిన పిదప అచ్చునకు పంపుట మేలు.

ముందుగా బడిలో వ్రాతపత్రిక యొకటి ప్రారంభింపుడు. ఖర్చు కాగితములది మాత్రమే. మర్రిమాను కథను ఇంట పెద్దలు ఎన్ని విధముల చెప్పుదురో పిల్లలచేత సేకరింపజేసి, పిదప వారి వారి ఊహతో మార్చి వ్రాయింపుడు. ప్రతి కథకును రచయిత పేరు, తరగతి విధిగా వేయుడు. నంబులపూలకుంటనుండి అట్టి సంచిక మాకు చేరినచో, అందలి మేలైన కథకు ఈ ఆదివారపు పుటలలోనే చోటు కల్పింతుము.