టికెట్ ధర పెంచే జీవోలు ఆపండి

తెలంగాణ హోం శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

నేను హఫీజ్‌పేట్‌లో ఉంటాను. ఏ రకం సినిమా అయినా థియేటర్‌లోనే చూస్తాను. ‘కల్కి 2898 ఏడీ’ మొదటి సగం సాగదీశారు, అయినా ఆ కురుక్షేత్రాన్ని పెద్ద తెర మీదే చూడాలి. ‘పుష్ప 2’ జాతర ఘట్టంలో అల్లు అర్జున్ ప్రాణం పెట్టారు. మూడు గంటల ఇరవై నిమిషాల నిడివి మాత్రం ఆ కథకు ఎక్కువ. ‘లక్కీ భాస్కర్’ బ్యాంకు లెక్కల్ని కూడా ఉత్కంఠగా నడిపింది. లెక్కలు ఒంటబట్టని పిల్లాడి కథ ‘35’, పోక్సో కేసు చుట్టూ తిరిగే ‘కోర్ట్’ నాకు ఆ భారీ చిత్రాలకన్నా ఎక్కువ నచ్చాయి.

మీ జీవోల మేలు మాత్రం భారీ చిత్రాలకే. 2024 డిసెంబరు 4 నాటి ‘పుష్ప 2’ ప్రీమియర్ టికెట్ మీద అదనంగా 800 రూపాయలకు అనుమతి ఇచ్చారు. ఆ రాత్రే సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఇకపై ప్రత్యేక అనుమతులు ఉండవని ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. జనవరిలోనే ‘గేమ్ ఛేంజర్’కు మళ్లీ జీవో ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు.

నలుగురున్న కుటుంబం ఒక్క పెద్ద సినిమాకు వెళ్తే ఆ నెల సినిమా ఖర్చు అక్కడే అయిపోతుంది. ‘35’ లాంటివి ఓటీటీలో చూద్దాంలే అనుకుంటారు. జనం రాకపోతే ఆ సినిమాకు సాయంత్రం ఆట ఉండదు.

ఏ హీరో సినిమాకైనా, ఏ పండగకైనా పెంపు జీవో ఇవ్వబోమని రాతపూర్వకంగా ఉత్తర్వు జారీ చేయండి. వచ్చే పెద్ద విడుదలకు ముందే చేయండి.

ఇట్లు,
హఫీజ్‌పేట్ ప్రేక్షకుడు