లక్ష రూపాయల లాప్‌టాప్, ఇరవై వేలకి

పోయిన నెల గుడియాత్తం నుంచి మా చిన్నాయన ఫోన్ చేసినాడు. "అబ్బయా, తమ్ముడికి తిరుమగళ్ మిల్స్ కాలేజీలో సీటొచ్చింది. లాప్‌టాప్ కావాలంటాడు. రాయవేలూరులో నల్లది ఒకటి చూపించినారు. కొత్తప్పుడు లక్ష పైనంట, ఇప్పుడు ఇరవై వేలంట. చీటీ ఎత్తిన దుడ్డుంది. కొనేదా, వద్దా?"

ఆదివారం ముగ్గురం కలిసి ఆ అంగడికి పోయినాం. చూస్తే నల్లవి రెండుండాయి. రెండూ థింక్‌ప్యాడ్‌లే, రెండూ 2018 మోడలే. ఈ పేరుతో 1992 నుంచి ఐబీఎం వాళ్లు చేసినారు, 2005లో ఆ వ్యాపారం లెనోవో చేతికి పోయింది. ముఖ్యంగా పెద్ద కంపెనీల కోసం చేసే సరుకు ఇది. వాళ్లు కొన్నేండ్లు వాడి మొత్తంగా అమ్మేస్తే మన దాకా వస్తాయి.

పల్చటిది ఎక్స్1 కార్బన్, ఆరో తరం. ఎత్తితే పలక మాదిరి ఉంది, 1.13 కిలోలే. లక్ష దాటిన సరుకు ఇదే. చిన్నాయన కండ్లు దాని మీద నుంచి తిరగలేదు. లావుగా ఉండేది టీ480, ఒకటిన్నర కిలో పైనే.

కీబోర్డు మాత్రం రెండింటిదీ గొప్పే. తమ్ముడు కూర్చొని ఒక పేజీ టైపు కొట్టినాడు. కీ దిగేది, లేచేది వేలికి తెలుస్తుంది. నాలుగు చుక్కలు టీ చిందినా తట్టుకుంటుంది (గ్లాసు గుమ్మరించి చూడబాకండి). నడుమ ఎర్ర బొట్టు మాదిరి ఉండేది మౌసు పని చేస్తుంది, ఇష్టం లేకుంటే దాన్ని వదిలేయొచ్చు.

తేడా అంతా లోపల ఉంది. కార్బన్‌లో ర్యామ్‌ను బోర్డుకే అతికించేసినారు. మేము చూసినదాంట్లో 8 జీబీ. రేపు చాలకపోతే చేసేదేమీ లేదు. టీ480లో ర్యామ్‌కు రెండు స్లాట్లుండాయి, ఇంకో ముక్క కొని గుచ్చుకోవచ్చు. బ్యాటరీలు కూడా రెండు. వెనకదాన్ని మగ్గంలో కండె మార్చినట్టు చేత్తోనే మార్చుకోవచ్చు. పల్చనిదానికైతే అడుగు మూత విప్పాల్సిందే.

లావుదానికి లోపం లేదని కాదు. దాని తెర చవక రకం, పక్కనుంచి చూస్తే రంగులు మారిపోతాయి. కార్బన్ తెర ముందు అది వెలవెలబోయింది. రోజూ రైల్లో భుజానికి తగిలించుకొని తిరిగేవాళ్లయితే నేను కూడా పల్చనిదే తీసుకోమందును.

ఇంతకుముందు ఒకచోట నేను మోసపోయినాను గాబట్టి ఇంకోటి చెప్పాల. ఆన్ చేసిన వెంటనే ఎఫ్1 నొక్కండి. సెట్టింగులు తెరుచుకోవాల. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే పెట్టేసి రండి. పాత కంపెనీ పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ తెలియకపోతే లెనోవో చెప్పే దారి మదర్‌బోర్డు మార్చడమే. నాకు అట్లనే ఏడు వేలు పోయినాయి.

చార్జర్ కూడా రెండు మూడు సార్లు గుచ్చి, తీసి చూడండి. 2017 నుంచి 2019 దాకా వచ్చిన కొన్ని థింక్‌ప్యాడ్‌లలో ఆ టైప్-సీ రంధ్రం పాడయ్యే తప్పుండింది, కంపెనీనే దానికి అప్‌డేట్ ఇచ్చింది. బ్యాటరీ ఎంత మిగిలిందో లెనోవో వాంటేజ్ అనే యాప్‌లో చూపిస్తుంది. ఇంకోటి, టీ470 చూసేదానికి టీ480 మాదిరే ఉంటుంది, మోసపోబాకండి. విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినాయి. విండోస్ 11 అయితే ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. టీ470లో ఉండేవి దానికి ముందు తరాలు.

చివరికి టీ480నే పదిహేడు వేలకు బేరం చేసినాం. వెనక బ్యాటరీ సగానికి పడిపోయుంటే అదే చెప్పి ఇంకో ఐదువందలు తగ్గించినాం. బిల్లు మీద సీరియల్ నంబరు, పదిహేను రోజుల్లో మార్చిస్తామనే మాట రాయించుకున్నాం. "లక్షదాన్ని వదిలేసి లావుది తెచ్చినావే" అని చిన్నాయన కాట్పాడి స్టేషను దాకా సణుగుతానే ఉన్నాడు. తమ్ముడు మాత్రం రైల్లోనే మూత తెరిచి టైపు కొడతా కూర్చున్నాడు.