రష్యా–అమెరికా విద్యార్థి వినిమయము

2014 అక్టోబరులో రష్యా ప్రభుత్వము ఫ్లెక్స్ పథకమునుండి వైదొలగినది. అమెరికా కాంగ్రెసు 1992లో చేసిన శాసనము ననుసరించి యేర్పడిన యీ పథకముక్రింద రష్యను బాలబాలికలు అమెరికను కుటుంబములలో నుండి యొక విద్యాసంవత్సరము చదువుకొనుచుండిరి. ఒక బాలుడు స్వదేశమునకు మరలి రాలేదన్నదే రష్యా చూపిన ప్రధాన కారణము. ఒక్కని విషయమున విచారణ జరుపవలసిన తావున అందఱకును శిక్ష విధించుట యే న్యాయశాస్త్రమునకు సమ్మతము?

అనుమానము కేవలము నిరాధారమని మేమనము. ఉభయ ప్రభుత్వములు 1958 జనవరిలో చేసికొన్న ఒడంబడికచే ఆ యేట కొలంబియా విశ్వవిద్యాలయమున చేరిన సోవియట్ విద్యార్థులలో ఒలెగ్ కలూగిన్ గూఢచారిశాఖ యుద్యోగి. అయినను ఆ జట్టులోనే అలెగ్జాండర్ యాకొవ్లెవ్ కూడ నుండెను. ఆయన అమెరికాకు భక్తుడై మరలలేదు. పిమ్మట నా దేశవిధానములను తీవ్రముగా ఖండించుచు గ్రంథములే వ్రాసెను. కాని 1980 దశకమున గోర్బచెవ్ పక్షమున నిలిచి, పత్రికలను నోరు విప్పనిచ్చిన గ్లాస్నోస్తు విధానమునకు ప్రధాన శిల్పి యాతడే. పదిదినముల విహారమున మర్యాదలే కనబడును. ఏడాది కలసియుండిన గాని పొరుగువాని గుణదోషములు తెలియవు.

1958 నాటి యేర్పాటు ఉభయపక్షములది. ఫ్లెక్స్ పథకమున అమెరికను బాలురు రష్యాకు పోవుట లేదు. ఇది నిజమైన లోపము. మాస్కో దాని సవరణమును కోరవలసినది, తలుపు మూసినది. ఆ పిమ్మటి యేండ్లలోను ఉక్రెయిను, కజకస్తాను పిల్లలు ఆ పథకముక్రింద వెళ్లుచునే యుండిరి.