ఫోన్‌లో అన్నీ ఉన్నాయ్, మాట తప్ప!

కొత్త ఫోన్ కొనేటప్పుడు ర్యామెంత, కెమెరా ఎంత అని చూస్తాం. కాల్ సరిగ్గా వెళ్తుందా అని మాత్రం అడగం. 2010లో ఐఫోన్ 4 కింద ఎడమ మూల చెయ్యి తగిలితే సిగ్నల్ పడిపోయేది. చివరికి యాపిల్ ఉచితంగా తొడుగులు పంచింది.

మా ఘంటసాలలో అమ్మ పాత బటన్ల ఫోన్ 2జీ మీదే ఖంగుమంటుంది. నేను కొనిచ్చిన స్మార్ట్‌ఫోనేమో అందీ అందని 4జీని పట్టుకు వేలాడుతూ "హలో, హలో" దగ్గరే ఆగిపోతుంది.

తెగిన కాల్‌కి రూపాయి పరిహారమన్న ట్రాయ్ 2015 నిబంధనని 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి గట్టిగా అడగాల్సింది కొనే మనమే. రివ్యూలు రాసే బాబులూ, ముందు ఏదైనా పల్లెటూరెళ్ళి ఓ కాల్ చేసి చూడండి. 1977 ఉప్పెన చూసిన దివిసీమ మాకు పక్కనే. తుఫాను రాత్రి అమ్మ గొంతు వినపడకపోతే ఎన్ని మెగాపిక్సెళ్ళుండి ఏం లాభం?