ఇదేం బొమ్మ?

పోయిన నెల మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఒకడు ఒక బొమ్మ పెట్టాడు. మంగోలియాలో ఈ కాలపు చిత్రకారుడెవరో వేసిన అబ్‌స్ట్రాక్ట్ ఆయిల్ పెయింటింగ్ అట. కింద మట్టి రంగు, మధ్యలో తుప్పు లాంటి ఎర్రటి చార, పైనంతా బూడిద కలిసిన నీలం. చెట్టు లేదు, గుర్రం లేదు, మనిషి లేడు. పేరు మాత్రం ప్రకృతి గురించే. ఐదు నిమిషాల్లో కామెంట్లు మొదలయ్యాయి. "ఇదేం బొమ్మరా?" "గోడకు సున్నమేసి బ్రష్షు తుడిచిన గుడ్డ లెక్కుంది." "మా చెల్లె ఇంతకన్న మంచిగ ఏస్తది." నేనూ ఒక నవ్వే ఎమోజీ పెట్టాను.

రాత్రి పడుకునే ముందు ఎందుకో మళ్లీ తెరిచి చూశాను. ఈసారి నవ్వు రాలేదు. ఎండాకాలంలో మా ఊరి చెరువు గుర్తొచ్చింది. నీళ్లు పోయాక నెర్రెలు విచ్చిన అడుగు, ఆపైన ఎర్రమట్టి కట్ట, ఇంకా పైన ఎండకు తెల్లబడిన ఆకాశం. అది వేసినాయన నల్గొండ జిల్లా పేరు కూడా విని ఉండడు. అయినా మా చెరువు గుర్తొచ్చింది. నా ఎమోజీని ఎందుకు వాపసు తీసుకుంటున్నానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మొదటి సంగతి, అబ్‌స్ట్రాక్ట్ అంటే నవ్వే హక్కు మన ఇంజనీరింగ్ వాళ్లకు అసలు లేదు. ఫస్టియర్ మెకానిక్స్‌లో ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీశాం కదా. వాలు మీద నిలబడ్డ లారీని ఏం చేశాం? టైర్లు తీసేశాం, రంగు తీసేశాం, వెనక రాసిన "హారన్ ప్లీజ్" తీసేశాం. ఒక డబ్బా గీసి నాలుగు బాణాలు పెట్టాం. ఎవరూ "ఇదేం లారీ?" అని అడగలేదు. లెక్కకు కావలసింది బలాలు, అవి ఉంచుకొని మిగతావి వదిలేశాం. చిత్రకారుడు చేసేదీ అదే. కాకపోతే అతను ఉంచుకునేది బలాలు కాదు. రంగు, బరువు, వెలుతురు, ఆ చోట నిలబడితే మనసుకు పట్టే దిగులో నెమ్మదో.

ఇది మన దగ్గర లేని సంగతేం కాదు. ఖమ్మం జిల్లా మధిరలో 1940లో పుట్టిన సూర్యప్రకాశ్ గారు హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకున్నారు. తర్వాత ఢిల్లీలో రామ్‌కుమార్ దగ్గర పనిచేశారు. ఆ రామ్‌కుమార్ ఎకనామిక్స్ చదివిన మనిషి. కాశీ ఘాట్లను గీస్తూ గీస్తూ మనుషులను, మెట్లను వదిలేసి అబ్‌స్ట్రాక్ట్‌లోకి వెళ్లినాయన. సూర్యప్రకాశ్ మొదట్లో తుప్పు పట్టిన పాత కార్లను, తుక్కును వేశారు. ఆ తర్వాత చెట్ల వైపు, రాలిన ఆకుల వైపు, నీళ్ల వైపు తిరిగారు. ఆయన కొలను బొమ్మల్లో నీళ్లెక్కడ ఆగాయో, వాటిలో పడ్డ నీడెక్కడ మొదలైందో ఒక్కోసారి చెప్పలేం. చెరువు గట్టున కూర్చున్నవాడికి ఇది వింత కాదు. నిజంగా చూస్తే నీళ్లు అట్లనే ఉంటాయి. 2019లో ఆయన పోయారు. మన తెలంగాణ మనిషే, కానీ మా గ్రూపులో ఒక్కరికీ ఆయన పేరు తెలియదు. ఆ నెల దాకా నాకూ తెలియదు.

అర్థం కాకపోవడం సిగ్గుపడాల్సిన విషయమూ కాదు. మాస్కోలో న్యాయశాస్త్రం చదువుకున్న కాండిన్‌స్కీ అక్కడి ఎగ్జిబిషన్‌లో మోనే వేసిన గడ్డివాము బొమ్మ ముందు నిలబడి, అది గడ్డివామని గుర్తుపట్టలేకపోయాడు. కేటలాగ్ చూస్తే గాని తెలియలేదు. గుర్తుపట్టలేకపోయానని బాధపడ్డాడు కూడా. అయినా ఆ బొమ్మ అతని మనసులోంచి పోలేదు. 1896లో, ముప్ఫయ్యో ఏట, లెక్చరర్ ఉద్యోగం వద్దనుకొని బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లిపోయాడు. తర్వాత అబ్‌స్ట్రాక్ట్ కళకు దారి వేసినవాళ్లలో ఒకడయ్యాడు. అతనూ మొదట "ఇదేం బొమ్మ?" అన్నవాడే. తేడా ఏమిటంటే, అక్కడితో ఆగలేదు.

"ఐదు నిమిషాల్లో ఎవడైనా ఏస్తడు" అన్నది ఇంకో మాట. ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా పాలిమర్‌గా మారుతుంది. మన కెమిస్ట్రీ పాఠమే. పూత పలచనైతే రోజులు, మందమైతే వారాలు, నెలలు. ఆలోపు గీకేయొచ్చు, మళ్లీ పూయొచ్చు, కింది రంగు కొంచెం కనబడేట్టు వదలొచ్చు. ఆ ఎర్రటి చార కింద ఎన్ని పూతలు ఉన్నాయో ఫోన్ స్క్రీన్ మీద మనకేం తెలుస్తుంది?

అట్లని అబ్‌స్ట్రాక్ట్ పేరుతో వచ్చేదంతా గొప్పదని నేను అనను. చేత కాక రంగు చల్లేవాళ్లూ ఉంటారు, దానికి పెద్ద పేరు పెట్టేవాళ్లూ ఉంటారు. నా కొలత ఒక్కటే. నాలుగోసారి చూసినప్పుడు కూడా ఏదైనా కొత్తగా దొరుకుతుందా? దొరక్కపోతే పక్కన పెట్టండి. కానీ నాలుగుసార్లు చూశాక పెట్టండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, అసలు కారణం మా గుట్ట. మా నాయనమ్మ పొద్దున లేవగానే దాన్ని చూసేది. "గుట్ట కమిలినట్టయిందిరా, మాపటికి వాన పడ్తది" అనేది. ఎండకు తెల్లగా, మబ్బుకు నల్లగా, దూరం నుంచి నీలంగా ఉండేది. మా జిల్లా పేరే చూడండి. నల్లని కొండ కాబట్టి నల్గొండ. పాత పేరు నీలగిరి. ఒకరికి నలుపు, ఒకరికి నీలం. ఆకారం కన్నా ముందు రంగును చూసి ఊరికి పేరు పెట్టినవాళ్లం మనం.

మా గుట్ట ఇప్పుడు సగమే ఉంది. మిగతాది కంకరై పోయింది. కోట్ల ఏళ్ల నాటి రాయి, నాలుగేళ్లలో పోయింది. నేను ఎవరినీ తిట్టలేను. మా అన్న ఆ క్రషర్‌లోనే టిప్పర్ నడుపుతాడు, నా సెమిస్టర్ ఫీజు అందులోంచే కట్టాడు. మన హాస్టల్ పిల్లర్లలో ఉన్నదీ ఇట్లాంటి ఏదో గుట్టే. మంగోలియాలోనూ ఇదే కథ. గోబీ ఎడారిలో ఒయు తొల్గోయ్ అని పెద్ద రాగి గని ఉంది. ఆ పేరుకు అర్థం పచ్చనీలపు రాయి రంగు గుట్ట అని. అక్కడా రంగును చూసే పేరు పెట్టారు, అక్కడా తవ్వుతున్నారు.

గుట్ట ఫొటోలు నా ఫోన్‌లో పదకొండు ఉన్నాయి. అన్నిట్లో గుట్ట ఉంది, ముందు నేనున్నాను. నాయనమ్మ చెప్పిన ఆ కమిలిన రంగు ఒక్కదాంట్లోనూ లేదు. ఆ రంగు కావాలంటే ఎవరో ఒకరు గంటల తరబడి చూసి, మిగతావన్నీ వదిలేసి, అదొక్కటే పట్టుకోవాలి. మంగోలియా చిత్రకారుడు తన నేల కోసం ఆ పని చేశాడని నా నమ్మకం.

అందుకే మన క్లబ్బుకు ఒక మాట. వచ్చే సంచికలో ఒక పేజీ ఇద్దాం. ఎవరి ఊరి చెరువో, గుట్టో, చెలకో వాళ్లు రంగుల్లో పెట్టండి. బొమ్మ రాకపోతే ఐదు వాక్యాల్లో రాయండి. పేరు చెప్పొద్దు, రంగు మాత్రమే చెప్పండి. నేను మా గుట్టతో మొదలుపెట్టాను. మూడుసార్లు చెడిపోయింది. చూసిన మా రూమ్మేట్ "ఇదేం బొమ్మరా?" అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. ఇంకోసారి చూశాడు.