ప్రమాద గాయాలు – పరిహారం దక్కాలంటే

జనగామ మీదుగా పోయే హైదరాబాదు–వరంగల్లు రహదారి మీద, భూపాలపల్లి బొగ్గు లారీలు తిరిగే దారుల్లో, మిరప కోతలకు కూలీలు ఆటోల్లో కిక్కిరిసి వెళ్లే మానుకోట పల్లెల్లో ప్రమాదాలు కొత్త కాదు. ఎముక అతికిన తరువాత పరిహారం కోసం తిరిగేవారిలో చాలామంది చేతిలో సరైన కాగితం ఉండదు. పొరపాటు సామాన్యంగా మొదటి రోజే, ఆసుపత్రి గుమ్మంలోనే జరుగుతుంది.

ముందు ప్రాణం, తరువాతే కాగితం. స్పృహ తప్పినా, వాంతులవుతున్నా, రక్తం ఆగకపోయినా వెంటనే 108కి ఫోను చేయండి. పోలీసులు వచ్చేదాకా ఆగనక్కరలేదు. లాంఛనాల కోసం చూడకుండా చికిత్స చేయడం డాక్టరు విధి అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను చెబుతోంది. రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణీత ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేరకు నగదు కట్టకుండా చికిత్స పొందే పథకం 2025 మేలో వచ్చింది. దాని గురించి ఆసుపత్రిలో అడగండి.

డాక్టరుకు నిజం చెప్పండి. "కేసెందుకు సార్, జారిపడ్డాడని రాయండి" అని బంధువులు బతిమాలుతుంటారు. గుద్దిన బండి తెలిసినవాళ్లదైతే మరీను. కేసు షీటులో జారిపడ్డాడని, నెల తరువాత ఎఫ్.ఐ.ఆర్.లో లారీ గుద్దిందని ఉంటే బీమా కంపెనీ దేన్ని నమ్మాలి? రాసినదాన్ని తరువాత మార్చమని డాక్టరును అడగడం వృథా. తేదీ, వేళ, చోటు, బండి నంబరు ఉన్నదున్నట్టు చెప్పి, మెడికో-లీగల్ కేసుగా నమోదు చేయించండి.

కట్టు వైద్యుణ్ణి నమ్ముకోవడం మరొక పొరపాటు. ఎముక వంకరగా అతికాక తీసిన ఎక్స్‌రే, గాయం ఏనాటిదో కచ్చితంగా చెప్పలేదు. ఆరోగ్యమూ పోయె, ఆధారమూ పోయె!

దాచుకోవలసినవి ఇవి: ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే, స్కాన్ ఫిల్ములు, మందుల అసలు బిల్లులు, జీతం లేదా కూలి ఆధారం. అసలు కాగితాలు ఎవరికిచ్చినా జిరాక్సు ఉంచుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం గాని, వేలిముద్ర గాని వేయకండి.

చికిత్స పూర్తిగా ముగిసేదాకా ఆగుదామనుకోకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన నియమం ప్రకారం, ట్రిబ్యునల్‌లో దరఖాస్తు ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. గుద్దిన బండి దొరకకపోయినా తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది.

శాశ్వత వైకల్యం మిగిలితే వైద్యమండలి దాన్ని శాతాల్లో రాస్తుంది. అయితే ఆ శాతమే సంపాదన నష్టం కాదని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో స్పష్టం చేసింది. మడమ బిగుసుకుపోతే గుమాస్తా కుర్చీలో కూర్చుని పని చేసుకోగలడు. గీత కార్మికుడు తాడెక్కలేడు. అందుచేత మీ వృత్తి ఏమిటో, ఇప్పుడు ఏ పని చేయలేకపోతున్నారో డాక్టరుకు వివరంగా చెప్పి, రాయించుకోండి.

బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కోసే ప్రధానమంత్రి సురక్షా బీమా మీకుందేమో పాసుబుక్కులో చూసుకోండి. ప్రమాదంలో మరణానికి 2 లక్షలు, ఒక కన్ను లేదా ఒక చెయ్యి, కాలు శాశ్వతంగా పోతే లక్ష వస్తుంది. మామూలుగా అతికిపోయే ఎముక విరుపుకు ఇందులో ఏమీ రాదు. మే నెలాఖరున ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే మరుసటి ఏడాదికి రక్షణ ఉండకపోవచ్చు.

ఈ విషయాలు ఇంట్లో చదువు రాని పెద్దలకు కూడా చదివి వినిపించండి. గాయపడినవాడు మంచం మీద ఉన్నప్పుడు కాగితాల సంగతి చూడవలసింది ఇంట్లోవాళ్లే.